మూడు భుజం మీద ఏడు

త్రికూటదుర్గం కోటగోడ మీద నిలబడి తూర్పుకేసి చూస్తే, కొండల నడుమ పళ్లెంలా పరుచుకున్న పచ్చిక మైదానం కనిపిస్తుంది. పొద్దు పొడిచేసరికి ఆ మైదానమంతా వెండి కవచాల తళుకుతో నిండిపోతుంది. నిలువెత్తు బల్లేలు, బల్లేల కొనల మీద రెపరెపలాడే ఎర్ర జెండాలు, శిరస్త్రాణాల మీద నెమలి పింఛాలు, దిక్కులు పిక్కటిల్లేలా మోగే భేరీలు. అంత దూరం నుంచి చూస్తే ఏ చక్రవర్తో దండయాత్రకు బయలుదేరుతున్నట్టు ఉంటుంది. దగ్గరికి వెళ్లినవాడు మాత్రం అడుగు వెనక్కి వేస్తాడు. అక్కడున్న రెండు వేల నూట ఎనభై ఏడుగురి ముఖమూ ఒక్కటే.

అదే కోలముఖం, అదే గుబురు మీసం, ఎడమ కనుబొమ మీద అదే చిన్న గాటు. ఆ గాటు చిన్నప్పుడు కర్రకత్తుల ఆటలో తమ్ముడు పెట్టిన కానుక. ముఖం హేలాపురి పెద్ద రాకుమారుడు విక్రాంతుడిది. నాలుగేళ్ల కిందట ధూమకేశి అనే మాంత్రికుడు అతణ్ని అడవిలో దారి తప్పించి పట్టుకొచ్చి, కాలికి మంత్రపు కడియం తొడిగి, ఆ మైదానం మధ్య నిలబెట్టాడు. కోట బురుజు మీద ఒక జేగంట ఉంది. దాని తెల్లముఖం మీద ఒక దెబ్బ వేస్తే కడియం తొడిగిన మనిషి ముగ్గురవుతాడు. మరో దెబ్బకు ఆ ముగ్గురిలో ఒక్కొక్కరూ ముగ్గురవుతారు. అలా ఏడు దెబ్బలు వేయించి ధూమకేశి ఒక్క మనిషితో ఒక సేనను చేసుకున్నాడు. వేయించాడు అనడం ఎందుకంటే, పన్నెండేళ్లు దాటిన చేతికి ఆ జేగంట పలకదు. మూడు లోకాల మంత్రాలూ నోటికి వచ్చిన ధూమకేశి కూడా దాని ముందు ఉత్త చేతుల మనిషే.

జేగంట వెనక వైపు నల్లగా ఉంటుంది. ఆ నల్లముఖం మీద దెబ్బ పడితే ముగ్గురు ఒక్కడవుతారు. ఈ రహస్యం హేలాపురి చిన్న రాకుమారుడు నీహారుడికి ఒక ముసలి గంధర్వుడు చెప్పాడు. చెబుతూ చివర ఒక మాట హెచ్చరించాడు. ఒక్కడే మిగిలాక కూడా ఇంకో దెబ్బ పడితే ఆ ఒక్కడు కాస్తా మూడోవంతు అవుతాడు. మూడోవంతు మనిషి బతకడు.

ఆ మాటను గుండెలో పెట్టుకుని, మొసళ్ల కందకం ఈది, తెల్లగడ్డం అతికించుకుని, గణకభట్టు అనే ముసలి అయ్యవారి వేషంలో నీహారుడు త్రికూటదుర్గంలో అడుగుపెట్టి ఎనిమిది నెలలయింది.

కోటకు అయ్యవారి అవసరం ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ఆరో దెబ్బ దాకా సేన ఏడు వందల ఇరవై తొమ్మిది మంది. ఏడో దెబ్బ పడ్డనాడు వంటవాళ్లు "దెబ్బకు ముగ్గురే కదా" అని ఇంకో ముగ్గురికి సరిపడా బియ్యం ఎక్కువ పోసి ఊరుకున్నారు. బంతికి కూర్చున్నవాళ్లు రెండు వేల పైచిలుకు. ఆ మధ్యాహ్నం గుండిగలు నాకినా ఎవరి కడుపూ నిండలేదు, వంటశాల తలుపులు మాత్రం ఊడాయి. ధూమకేశి వంటపెద్దను బల్లిగా మార్చి గోడకు అంటించి, కోటలోని పిల్లలకు లెక్కలు నేర్పేవాడు కావాలని చాటింపు వేయించాడు. తనే నేర్పవచ్చు కదా అంటారా? మంత్రాల్లో కొమ్ములు తిరిగినవాడే కాని, వేళ్లు అయిపోతే అతని లెక్కా అయిపోతుంది.

అయ్యవారి మీద నిఘాకు ఒక గోరువంకను పెట్టాడు. అది పాఠశాల దూలం మీద కూర్చుంటుంది. అయ్యవారు పిల్లలతో ఏం మాట్లాడినా, పిల్లలు అయ్యవారితో ఏం మాట్లాడినా సాయంత్రం పొల్లుపోకుండా మాంత్రికుడికి అప్పజెప్పేస్తుంది. లెక్కలు మాత్రం దాని బుర్రకు ఎక్కవు. అంకె వినబడగానే రెక్కలో ముక్కు దూర్చి కునుకు తీస్తుంది. అందుకని ఎనిమిది నెలలుగా నీహారుడు లెక్కలు తప్ప మరో మాట మాట్లాడలేదు. తిన్నావా అని ఎవరినీ అడగలేదు, తిన్నావా అని తనను అడిగినవారూ లేరు. ధాన్యపు గాదె మీది గదిలో ఒంటరిగా వండుకోవడం, ఒంటరిగా తినడం. పొద్దున్నే మైదానంలో వరుసల మధ్య నడిచి వెళ్లేవాడు. రెండు వేల చోట్ల అన్న ముఖం కనబడేది, పలకరించే అన్న ఒక్కచోటా లేడు. ఒకనాడు ధైర్యం చేసి ఒక సైనికుడి ఎదుట ఆగి, ఆ కళ్లలోకి చూశాడు. ఆ చూపు అతణ్ని గోడను చూసినట్టు చూసి పక్కకు జరిగింది. నీహారుడికి ఏడుపు తన్నుకొచ్చింది. గడ్డం జిగురు కరిగిపోతుందని ఆపుకున్నాడు.

పాఠశాల అంటే పాడుబడ్డ ఏనుగుల సాల. పిల్లలు తొమ్మిదిమంది, అందరూ పదకొండు, పన్నెండేళ్లవాళ్లు. ఇసుక పరిచిన నేల మీద నీహారుడు ఒకనాడు పెద్ద మూడు రాసి, దాని భుజం మీద చిన్న ఏడు రాశాడు. కింద ఉన్న పెద్దదాన్ని ఆధారం అంటారని, పైకెక్కి కూర్చున్నదాన్ని ఘాతాంకం అంటారని చెప్పి, దీని విలువెంత అని అడిగాడు. గుర్రాలవాడి కొడుకు దుగ్గడు చెయ్యి ఎత్తకుండానే "మూడేళ్లు ఇరవై ఒకటి, అయ్యవారూ" అన్నాడు. మిగతావాళ్లు ఒక్క గొంతుతో ఇరవై ఒకటి అన్నారు. వంటవాళ్లు చేసిన పొరపాటూ అదే కుదురుది. నీహారుడు వాళ్లను తిట్టలేదు. కోటగోడ ఎక్కించి, ఏడు దెబ్బలకు అక్కడ ఇరవై ఒక్కరే నిలబడ్డారేమో లెక్కపెట్టమన్నాడు. మధ్యాహ్నం దాకా లెక్కపెట్టారు. దుగ్గడు నాలుగుసార్లు తప్పి నాలుగుసార్లు మొదటినుంచి మొదలుపెట్టాడు.

మర్నాడు నీహారుడు తన ఉత్తరీయం తీసి నేల మీద పరిచాడు. మూడుగా మడిస్తే మూడు పొరలు. దాన్ని మళ్లీ మూడుగా మడిస్తే తొమ్మిది. మూడోసారికి ఇరవై ఏడు. నాలుగోసారి మడత పడక దుగ్గణ్ని దాని మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఘాతాంకం చెప్పేది ఎన్నిసార్లు మడిచామో అని, ఎన్ని పొరలు కలిపామో కాదని అప్పుడు వాళ్లకు చేతికి తగిలింది. తరువాత ఒక్కో మడతా విప్పుతూ వచ్చాడు. ఇరవై ఏడు, తొమ్మిది, మూడు. ఆఖరి మడత కూడా విప్పి, ఇప్పుడు మడతలు సున్నా, మూడు భుజం మీద సున్నా ఉంది, దాని విలువెంత అని అడిగాడు.

సున్నా అన్నారు అందరూ. ఏ మడతా లేకపోతే ఇంకేముంటుంది అని వాళ్ల వాదన. కాదంటే సాలలో ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు వెనక వరసలోంచి గురివి లేచి వచ్చింది. ధాన్యం కొలిచేవాడి కూతురు, మాట తక్కువ పిల్ల. పరిచి ఉన్న గుడ్డ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నలిపి చూసింది.

"మడత లేదు కాని గుడ్డ ఉంది కదా అయ్యవారూ. పొర ఒకటి."

నీహారుడు తల ఊపాడు. ఇంకా కిందికి దిగాలంటే ఏం చేయాలని అడిగాడు. విప్పడానికి మడతలు మిగల్లేదు. అతను ఉత్తరీయాన్ని పళ్లతో కొరికి సర్రున చింపి, మూడో వంతు ముక్కను పైకెత్తి చూపించాడు. చలికాలం దగ్గర పడుతోంది, అతనికున్నది ఆ ఒక్క ఉత్తరీయమే. పిల్లలు నవ్వారు. గురివి నవ్వలేదు. ఆ ముక్కను అడిగి తీసుకుని మడిచి రొండిన దోపుకుంది.

ఇలా ఉండగా ధూమకేశి కోటంతా టముకు వేయించాడు. రాబోయే పున్నమినాటి ఉదయం ఎనిమిదో దెబ్బ. సేన ఆరు వేల అయిదు వందల అరవై ఒకటి కాగానే హేలాపురి మీదికి కదలాలి. దెబ్బ వేయడానికి గురివిని ఎంచాడు. గూటం ఎత్తితే ఆ పిల్ల చెయ్యి వణకదు, పైగా ఇంకో నెలలో పన్నెండు దాటితే ఆ చెయ్యి ఇక పనికిరాదు.

నీహారుడు ఇల్లు తలుచుకున్నాడు. హేలాపురిలో ముసలి తండ్రి, ఏడు వందల మంది కాపలా సైనికులు, అంతే. కోటలో ఒక్కరితోనైనా మనసు విప్పి మాట్లాడగలిగితే ఎంత బాగుండునో అనిపించింది. దూలం మీద గోరువంక కళ్లు మిటకరించి చూస్తోంది. చివరికి అతనికి మిగిలిన ఒకే భాషలో మాట్లాడాడు. ఇసుకలో ఒక లెక్క ఇచ్చాడు. ఒక మనిషి రెండు వేల నూట ఎనభై ఏడుగురయ్యాడు. నల్లముఖం మీద ఒక్కో దెబ్బకు ముగ్గురు ఒకరవుతారు. ఆ మనిషి మళ్లీ తానొక్కడే కావాలంటే ఎన్ని దెబ్బలు?

అంకెలు వినగానే గోరువంక ముక్కు రెక్కలో దూరింది. దుగ్గడు ఏడు వందల ఇరవై తొమ్మిది అన్నాడు, మూడుతో భాగిస్తే అంతే వచ్చిందట. ఒక్కసారి భాగించి ఊరుకున్నాడు మరి. గురివి మాత్రం ఇసుకకేసి చూడలేదు. అయ్యవారి ముఖంలోకి చూసింది, చాలాసేపు చూసింది. అంతవరకు ఆ కోటలో అతని ముఖాన్ని అంతసేపు చూసినవాళ్లు లేరు. తరువాత పలక మీద ఒక అంకె వేసి అతని ముందు పెట్టి వెళ్లిపోయింది. ఏడు. అది లెక్కకు జవాబో, తనకు ఇచ్చిన మాటో నీహారుడికి అర్థం కాలేదు. అడగడానికి వీల్లేదు.

పున్నమి ఉదయం తెల్లగా తెల్లారింది. కోట ముంగిట అగ్నిగుండం చుట్టూ ముగ్గు వేసి, ఆ వలయంలో ధూమకేశి జపమాల చేతబట్టి కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నూట ఎనిమిదిసార్లు మంత్రం పూర్తయ్యేదాకా అతను వలయం దాటితే ఇన్నేళ్లు సంపాదించిన శక్తులన్నీ గుండంలో పోసినట్టే. బురుజు మీద పిల్లలు చెవుల్లో తేనెమైనం దట్టించుకుని నిలబడ్డారు. ఆ జేగంట పక్కన మైనం లేకుండా నిలబడితే చెవులు పోతాయి. నీహారుడు గాదె వెనకనుంచి తాడు పట్టుకుని మైదానంలోకి జారి, సేన నడుమకు చేరుకున్నాడు. దక్షిణపు ద్వారం దగ్గర రెండు గుర్రాలను జీను వేసి కట్టి ఉంచాడు.

గూటం లేచింది. తెల్లముఖం మీద పడితే ఖంగుమని మోగాలి. అది మోగలేదు. కొండలు మూలిగినట్టు, మొద్దుబారిన శబ్దం ఒకటి మైదానమంతా పాకింది.

వరుసలు కదిలాయి. ఇటు పక్కవాడు, అటు పక్కవాడు నడుమవాడి మీదికి ఒరిగి, నీటిలో నీరు కలిసినట్టు కలిసిపోయారు. బల్లేలు గడ్డి మీద గలగల రాలాయి. రెండు వేల పైచిలుకు సేన ఏడు వందల ఇరవై తొమ్మిది అయింది. ఆ పిల్ల ఇచ్చింది మాటే. నీహారుడికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి, ఈసారి గడ్డం సంగతి పట్టించుకోలేదు.

అంతలో బురుజు మీద పిల్లలు లెక్కపెట్టే గొంతు వినబడింది. చెవుల్లో మైనం ఉన్నవాళ్లు కనుక అరిచి లెక్కపెడుతున్నారు.

"లాభం."

నీహారుడు చటుక్కున తల పైకెత్తాడు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని లాభం అనడం హేలాపురిలోనూ ఉంది. అక్కడ లాభం తరువాత రెండు. ఈ కోటలో ఆచారం వేరు. మొదటి కుంచం కోటదేవతది, అది పక్కన పోస్తారు, ఒకటి ఆ తరువాతే మొదలవుతుంది. గాదె మీది గదిలో ఎనిమిది నెలలు ఉండి, పొద్దస్తమానం కింద ఆ కొలత వింటూ, అతను దాన్ని ఒక్కనాడూ పట్టించుకోలేదు. ఘాతాంకం అంటే ఏమిటో నేర్పాడు. వీళ్లు ఒకటి ఎక్కడ మొదలుపెడతారో అడగలేదు. గురివి ఏడు లెక్కపెట్టేసరికి దెబ్బలు ఎనిమిది పడతాయి.

రెండో దెబ్బ పడింది. రెండు వందల నలభై మూడు. "ఒకటి" అన్నారు పైన. నీహారుడు చేతులు ఊపుతూ బురుజుకేసి పరుగెత్తాడు. అరిచాడు. ఎనిమిది నెలలుగా అంకెలు తప్ప పలకని గొంతు బొంగురుపోయి సగం దూరం కూడా వెళ్లలేదు. వెళ్లినా మైనం దాటదు. మూడో దెబ్బకు ఎనభై ఒకరు. నాలుగో దెబ్బకు ఇరవై ఏడు. రాలిన బల్లేలు కాళ్లకు అడ్డంపడి అతను రెండుసార్లు బోర్లాపడ్డాడు. అయిదో దెబ్బకు తొమ్మిదిమంది అన్నలు మైదానంలో దూరదూరంగా నిలబడి ఉన్నారు. అగ్నిగుండం దగ్గర ధూమకేశి కళ్లు తెరిచాడు. జరుగుతున్నది చూశాడు. కూర్చున్నచోటినుంచే పళ్లు కొరుకుతూ మంత్రం వేగం పెంచాడు. తొంభై దాటాడు. ఆరో దెబ్బకు ముగ్గురు. బురుజు మీద "అయిదు" వినబడింది.

ఏడో దెబ్బ.

ముగ్గురు మూడు వైపులనుంచి నడిచి వచ్చి ఒకరిలో ఒకరు కలిశారు. పచ్చిక మైదానం ఖాళీ అయింది. నడుమ ఒక్క మనిషి. పైనుంచి పిల్లల గొంతు స్పష్టంగా "ఆరు" అంది.

గురివి గూటం మళ్లీ ఎత్తింది.

నీహారుడు ఇంకా బురుజు కిందికి కూడా చేరలేదు. ఇక చేయగలిగింది ఏమీ లేదు. పైన దుగ్గడు ఆరు వేళ్లు చూపించి, ఇంకొకటి బాకీ అన్నట్టు ఏడో వేలు ఆడిస్తున్నాడు. పుట్టినప్పటినుంచి ఆ పిల్ల చెవిన పడ్డ లెక్క ఆరు అంటోంది. తండ్రి కొలిచినా, తాత కొలిచినా అదే లెక్క. గురివి గూటాన్ని నెత్తిమీద అలాగే నిలిపి, మైదానం వైపు తల తిప్పింది. ఒక్కడు. ఇంతకుముందు ముగ్గురు, అంతకుముందు తొమ్మిదిమంది. ఆమె పెదవులు కదిలాయి. ఎత్తిన గూటం మెల్లగా దిగింది. జేగంటకు ఆనలేదు, నేలకు ఆనింది.

దుగ్గడు ఆమె చెయ్యి లాగి సైగలు చేశాడు. గురివి తన చెవుల్లో మైనం తీసేసి, అతని చెవుల్లోదీ తీసేసింది.

"ఇంక విప్పడానికేం లేదురా. కొడితే చినిగిపోతాడు."

మైదానంలో విక్రాంతుడి కాలి కడియం పగిలి కింద పడింది. అతను చుట్టూ చూశాడు. నీహారుడు పరుగున వెళ్లి, తెల్లగడ్డం ఊడబీకి పారేసి ఎదురుగా నిలబడ్డాడు. అన్న చూపు ఈసారి పక్కకు జరగలేదు, కాని మొదటి మాట తమ్ముడికి దక్కలేదు.

"మిగతావాళ్లేరి?" అన్నాడు విక్రాంతుడు. "ఇంతమందిమి ఉండేవాళ్లం. పక్కన ఎప్పుడూ ఎవడో ఒకడు ఉండేవాడు. నేనొక్కణ్నే ఎలా ఉండను?"

నీహారుడికి జవాబు తెలుసు. ఒంటరిగా ఎలా ఉండాలో ఆ కోటలో అతనికంటే బాగా నేర్చుకున్నవారు లేరు. అన్న చెయ్యి పట్టుకున్నాడు. దక్షిణపు ద్వారం తెరిచే ఉంది, గుర్రాలు కాళ్లు నేలకేసి తాటిస్తున్నాయి. ఎనిమిది నెలలుగా అతను కలగన్న క్షణం అదే.

అగ్నిగుండం దగ్గర నూట ఎనిమిదో మంత్రం పూర్తయింది. ధూమకేశి ముగ్గు దాటి, ఇనుప కొరడా చేతబట్టి, బురుజు మెట్ల వైపు అడుగులు వేశాడు. పిల్లలంతా కెవ్వుమంటూ అతను మెట్లు చేరేలోపే దిగి పారిపోయారు. దుగ్గడు కూడా పారిపోయాడు. జేగంట పక్కన గురివి ఒక్కతే మిగిలింది. మెట్ల దారి ఒక్కటే, ఆ దారిలోనే మాంత్రికుడు ఎక్కుతున్నాడు. ఆమె గూటాన్ని రెండు చేతులా పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

ఈ కోటలో తన మాట విన్నవాళ్లు ఎవరూ లేరనుకున్నాడు నీహారుడు. ఎనిమిది నెలలూ ఆ పిల్ల వింటూనే ఉంది.

అన్నను ద్వారం దగ్గరికి లాక్కెళ్లి, గుర్రం ఎక్కించి పగ్గం చేతికిచ్చాడు. ద్వారం దాటి ఆగకుండా వెళ్లమన్నాడు. విక్రాంతుడు పగ్గం వదిలేసి అతని మణికట్టు పట్టుకున్నాడు, నీళ్లలో మునిగేవాడు పట్టుకున్నట్టు. నన్ను ఒక్కణ్ని చేసి పోవద్దు అన్నాడు. నీహారుడు ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడిపించుకున్నాడు.

"పైన ఉన్నది నా శిష్యురాలు, అన్నయ్యా. ఇప్పుడు దాని పక్కనా ఎవరూ లేరు."

కింద పడి ఉన్న బల్లెం ఒకటి అందుకుని బురుజుకేసి పరుగెత్తాడు. మెట్ల మలుపులో మాంత్రికుడి కొరడా ఈడ్చుకుంటున్న చప్పుడు వినబడుతోంది. వెనక, ఖాళీ మైదానం అవతలినుంచి విక్రాంతుడు "నీహారా" అని పేరు పెట్టి పిలిచాడు. నాలుగేళ్లుగా ఆ గొంతులో ఆ పేరు వినాలని అతను ఎదురుచూశాడు. ఇప్పుడు విన్నాడు. వెనక్కి తిరిగితే మళ్లీ ముందుకు అడుగు పడదని, తిరగకుండానే మెట్లెక్కాడు.